సేఫ్టీ అడ్వైజర్‌గా ఎక్కడ చేరాలి: కాంట్రాక్టర్ దగ్గరా, ఓనర్ వైపా, కన్సల్టెన్సీలోనా?

పెద్ద నిర్మాణ ప్రాజెక్టుల సేఫ్టీ ఉద్యోగాల ప్రకటనలు ఏవి చూసినా ఒకేలా ఉంటాయి. సైట్ తనిఖీలు, టూల్‌బాక్స్ టాక్‌లు (పని మొదలయ్యే ముందు కార్మికులకు చెప్పే సేఫ్టీ మాటలు), పర్మిట్లు (ప్రమాదకరమైన పనులకు రాసిచ్చే అనుమతులు), ప్రమాదాల విచారణ, నెలవారీ నివేదికలు. హోదాల పేర్లు కూడా దగ్గర దగ్గరగానే ఉంటాయి: సేఫ్టీ ఆఫీసర్, సేఫ్టీ ఇంజనీర్, సేఫ్టీ అడ్వైజర్. అందుకే రెండు మూడు ఆఫర్లు చేతిలో ఉన్నవాళ్లు చివరికి జీతం చూసి తేల్చేస్తుంటారు.

కానీ ఒకే సైట్‌లో, ఒకే స్లాబ్ మీద నిలబడ్డ ఇద్దరు సేఫ్టీ వాళ్ల పని ఒకటి కాదు. ఒకరు చెయ్యెత్తితే క్రేన్ ఆగుతుంది. ఇంకొకరు ఫొటో తీసుకుని రిపోర్టులో పెట్టుకోవడం తప్ప ఏమీ చేయలేరు. చదువులోనో అనుభవంలోనో ఉన్న తేడా కాదిది. ఎవరి తరఫున ఆ సైట్‌కి వచ్చారన్నదే అంత తేడా తెస్తుంది. కాబట్టి కంపెనీ పేరు, జీతం చూసే ముందు ఏ స్థానంలో కూర్చోబోతున్నారో చూసుకోవాలన్నది నా గట్టి అభిప్రాయం.

## ముందు వేటిని బట్టి పోల్చాలి

అన్నిటికంటే ముందు చూడాల్సింది పని ఆపే అధికారం. "ప్రమాదం అనిపిస్తే ఎవరైనా పని ఆపొచ్చు" అని దాదాపు ప్రతి పెద్ద కంపెనీ పాలసీలోనూ రాసి ఉంటుంది, గేటు దగ్గర బోర్డూ ఉంటుంది. ఆ బోర్డుతో మనకు పని లేదు. కాంక్రీటు పంపు బిగించి, మిక్సర్ లారీలు వరుసలో నిలబడి ఉన్నప్పుడు, షట్టరింగ్ (కాంక్రీటు పోసే అచ్చు) కింద ప్రాప్‌లు (ఊతంగా నిలిపే కడ్డీలు) సరిగ్గా లేవని మీరు ఆపారనుకోండి. మర్నాడు ప్రాజెక్ట్ మేనేజర్ మీతో ఎలా మాట్లాడతారు? మీ వెనక ఎవరు నిలబడతారు? ఈ ప్రశ్నకు జవాబు ఒక్కో ఉద్యోగంలో ఒక్కోలా ఉంటుంది.

రెండోది, మీరు ఎవరికి రిపోర్ట్ చేస్తారన్నది. ప్రాజెక్ట్ మేనేజర్ బోనస్ గడువుతో ముడిపడి ఉండి, మీ అప్రైజల్ ఆయన చేతిలోనే ఉంటే, ఎంత మంచి మనిషైనా ఇద్దరికీ ఇబ్బందే. సైట్‌లో ఆయనతో కలిసి పనిచేస్తూ, అప్రైజల్ మాత్రం హెడ్ ఆఫీసు సేఫ్టీ విభాగం చూసే చోట ఊపిరి తీసుకోగలుగుతారు.

మూడోది, ప్రాజెక్టులోకి ఏ దశలో అడుగుపెడతారన్నది. దీన్ని చాలామంది పట్టించుకోరు. ప్రమాదాన్ని మొదట్లోనే లేకుండా చేయడం అన్నిటికంటే మేలు. కుదరకపోతే ప్రమాదం తక్కువున్న పద్ధతికి మారాలి. ఆ తర్వాత రెయిలింగులు, గార్డుల వంటి ఇంజనీరింగ్ ఏర్పాట్లు, ఆ తర్వాత నియమాలు, శిక్షణ. హెల్మెట్, హార్నెస్ (ఎత్తు నుంచి పడిపోకుండా ఒంటికి కట్టుకునే బెల్టు) చిట్టచివర వస్తాయి. ఈ వరుస సేఫ్టీ చదివిన ప్రతి ఒక్కరికీ కంఠతా వచ్చు. అయితే సైట్ మొదలయ్యాక చేరినవాళ్ల చేతిలో ఎక్కువగా మిగిలేది చివరి రెండే. టెర్రస్ మీది పిట్టగోడను డ్రాయింగ్‌లోనే తగినంత ఎత్తు పెట్టిస్తే, ఆ భవనం ఉన్నన్నాళ్లూ మరమ్మతు కోసం పైకెక్కే ఎవరికీ అక్కడ హార్నెస్ అక్కర్లేదు. స్టీలు బీములను నేల మీదే జోడించి ఒకేసారి ఎత్తేలా డిజైన్ చేస్తే, ఎత్తులో నిలబడి బోల్టులు బిగించే గంటలే తగ్గిపోతాయి. ఇలాంటివి డ్రాయింగ్ బల్ల దగ్గర జరగాల్సిన మాటలు. కాంక్రీటు పోశాక వాటి గురించి మాట్లాడి లాభం లేదు.

వీటి తర్వాత మిగతావి: రోజులో ఎంతసేపు సైట్‌లో, ఎంతసేపు కంప్యూటర్ ముందు ఉంటారు, ఉద్యోగం ప్రాజెక్టుతోనే ముగుస్తుందా, ఏదైనా జరిగితే చట్టం ముందు మీ పేరు ఎక్కడ ఉంటుంది.

| చూడాల్సింది | మెయిన్ కాంట్రాక్టర్ | స్పెషలిస్ట్ సబ్ కాంట్రాక్టర్ | ఓనర్ వైపు | కన్సల్టెన్సీ / సొంతంగా |
|---|---|---|---|---|
| పని ఆపగలగడం | నేరుగా, కానీ ఒత్తిడి ఎక్కువ | యజమానిని బట్టి | కాంట్రాక్టు ద్వారా, బలంగా | సలహా వరకే |
| చేరే దశ | నిర్మాణం మొదలయ్యేటప్పుడు | తమ పని వచ్చినప్పుడు | డిజైన్, టెండర్ నుంచి | పిలిచినప్పుడు |
| సైట్‌లో గడిపే సమయం | చాలా ఎక్కువ | చాలా ఎక్కువ | మధ్యస్థం | తక్కువ, చాలా సైట్లలో |
| నేర్చుకునేది | విస్తృతి, వేగం | ఒక ప్రమాదంలో లోతు | ఒప్పందాలు, ప్రణాళిక | పోల్చి చూడటం, రాయడం |
| స్థిరత్వం | ప్రాజెక్టును బట్టి | తక్కువ | కొంత మేలు | మీ పరిచయాలను బట్టి |

పట్టిక ఒక చూపులో అర్థం కావడానికే. అసలు సంగతులు అందులో పట్టవు.

## మెయిన్ కాంట్రాక్టర్ దగ్గర

ఈ వృత్తిలో పని నేర్పే చోటు ఇదేనని నేను నమ్ముతాను. ఎందుకో తెలియాలంటే ఉదయం పర్మిట్ బల్ల దగ్గర కాసేపు నిలబడాలి.

మొబైల్ క్రేన్‌తో 6 టన్నుల స్టీలు ఎత్తాలని పర్మిట్ వస్తుంది. క్రేన్ 50 టన్నులది, ఎత్తేది 6 టన్నులే, ఇంకేం చూడాలి అంటాడు ఫోర్‌మన్. కానీ ఆ 50 టన్నులు బూమ్‌ను (క్రేన్ చేతిని) బాగా దగ్గరగా ఉంచినప్పటి లెక్క. బూమ్ దూరం చాచేకొద్దీ సామర్థ్యం వేగంగా పడిపోతుంది. ఇరవై, పాతిక మీటర్ల దూరానికి వచ్చేసరికి అదే క్రేన్ కొద్ది టన్నులకే పరిమితం కావొచ్చు. అందులోంచి కొక్కెం బరువు, స్లింగుల బరువు కూడా తీసేయాలి. కాబట్టి లోడ్ చార్ట్ తెరిచి, సరుకు దింపే చోటు వరకు దూరం కొలవాల్సిందే.

అది సరిపోయిందనుకుందాం. క్రేన్ ఒరిగిపోకుండా పక్కలకు చాచే అవుట్‌రిగ్గర్ కాళ్లు ఎక్కడ పెడుతున్నారు? పోయిన వారం కేబుల్ కోసం తవ్వి పూడ్చిన కందకం మీద ఒక కాలు పడబోతోంది. పర్మిట్‌లో ఆ ముక్క ఉండదు. పైకి మట్టి గట్టిగానే కనిపిస్తుంది. క్రేన్ ఆపరేటర్ ఈ రోజే వచ్చాడు, అతనికి తెలిసే అవకాశం లేదు. తవ్వకం పర్మిట్ పోయిన వారం మీ చేతి మీదుగా వెళ్లింది కాబట్టి మీకు మాత్రమే తెలుసు. అన్ని పనుల పర్మిట్లూ ఒకే బల్ల మీదకు వచ్చేది మెయిన్ కాంట్రాక్టర్ దగ్గరే. ఒక పని ఇంకో పనికి ఎలా ప్రమాదం తెస్తుందో చూడటం అక్కడే అలవాటవుతుంది. ఏ కోర్సూ దీన్ని ఇంత బాగా నేర్పదు.

ఒత్తిడి కూడా ఇక్కడే ఎక్కువ. గడువు తప్పితే జరిమానా కట్టేది మీ కంపెనీయే. మీరు ఆపిన ప్రతి గంటా ఎవరో ఒకరి లెక్కలో నష్టంగా పడుతుంది. ఆ టెన్షన్‌లో మనసు నెమ్మదిగా సర్దుకుపోవడం మొదలుపెడుతుంది. "ఈ ఒక్కసారికి" అన్న మాట సైట్‌లో వినపడినప్పుడల్లా విల్లో ఐలాండ్ గుర్తుకు రావాలి. 1978 ఏప్రిల్ 27న అమెరికాలోని వెస్ట్ వర్జీనియా రాష్ట్రంలో, అక్కడ కడుతున్న కూలింగ్ టవర్ పైనుంచి స్కాఫోల్డింగ్ (ఎత్తులో నిలబడి పనిచేయడానికి కట్టే తాత్కాలిక మంచె) కూలి 51 మంది కార్మికులు చనిపోయారు. అప్పటికే పోసిన కాంక్రీటు గోడకే స్కాఫోల్డింగ్ బిగించి, అలా పైకి జరుపుకుంటూ పోయే పద్ధతి అది. ముందు రోజు పోసిన కాంక్రీటుకు ఆ భారం మోసే బలం ఇంకా రాలేదు. పైన తర్వాతి పోత మొదలైపోయింది. కాంక్రీటుకు బలం వచ్చిందో లేదో పరీక్ష ఫలితం చూడకుండా ముందుకు పోనివ్వనని అడ్డుపడే మనిషి ఆ రోజు కావాల్సింది. కాంట్రాక్టర్ దగ్గర సేఫ్టీ అడ్వైజర్ ఆ మనిషి అయి ఉండాలి. అలా నిలబడనిచ్చే కంపెనీని వెతుక్కోవడమే మీ ఎంపికలో ముఖ్యమైన భాగం.

పని గంటలు ఎక్కువ, రాత్రి కాంక్రీటు పోతలు ఉంటాయి, సెలవు రోజున ఫోన్ మోగుతుంది. ప్రాజెక్టు అయిపోయాక తర్వాతి సైట్ ఎక్కడో తెలియదు. చిన్న పిల్లలున్నవాళ్లు ఈ సంగతి ఇంట్లో ముందే మాట్లాడుకోవడం మంచిది.

## స్పెషలిస్ట్ సబ్ కాంట్రాక్టర్ దగ్గర

చాలామంది దీన్ని రెండో తరగతి ఉద్యోగంగా చూస్తారు. నాకది సరైన చూపు అనిపించదు. టన్నెల్ తవ్వకం, పైలింగ్, స్టీల్ ఎరెక్షన్, కూల్చివేత, స్కాఫోల్డింగ్ లాంటి పనులే చేసే కంపెనీల్లో చేరితే ఒక ప్రమాదాన్ని అడుగంటా నేర్చుకోవచ్చు. స్కాఫోల్డింగ్ కంపెనీలో పనిచేసిన మనిషి తర్వాత ఏ సైట్‌కి వెళ్లినా, బేస్ ప్లేటు కింద పలక పెట్టారా, స్కాఫోల్డింగ్‌ను గోడకు బిగించే టైలు ఎన్ని ఉన్నాయి, సున్నం బస్తాలు దించుకోవడానికి ఎవరైనా మధ్యలో బ్రేసింగ్ (అది ఊగకుండా ఏటవాలుగా బిగించే కడ్డీలు) విప్పేశారా అన్నవి నడుస్తూనే పట్టేస్తారు.

యజమాని రోజూ సైట్‌కి వచ్చే చిన్న కంపెనీలో నిర్ణయాలు ఎంత తొందరగా జరుగుతాయో పెద్ద కంపెనీల్లో ఊహించలేరు. ఉదయం అడిగిన సేఫ్టీ నెట్ మధ్యాహ్నానికి వస్తుంది. అదే యజమానికి ఆసక్తి లేకపోతే, ఆ కంపెనీ సేఫ్టీ ఆఫీసర్ చేత హాజరు పట్టీ రాయించడం, స్టోర్ చూపించడం కూడా మామూలే. మెయిన్ కాంట్రాక్టర్ అడిగాడు కాబట్టి పేరుకో మనిషిని పెట్టిన చోట చేరితే సంవత్సరాలు వృథా అవుతాయి. యజమానితో పది నిమిషాలు మాట్లాడితే ఏ రకమో తెలిసిపోతుంది.

## ఓనర్ వైపు

ఓనర్ అంటే ప్రాజెక్టుకు డబ్బు పెట్టే సంస్థ. వాళ్ల తరఫున, లేదా వాళ్లు పెట్టుకున్న ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ సంస్థ తరఫున పనిచేసే సేఫ్టీ అడ్వైజర్‌కు చేతిలో ఉండే ఆయుధం కాంట్రాక్టు. టెండర్ పత్రాల్లోనే సేఫ్టీకి విడిగా డబ్బు కేటాయించమనొచ్చు. ఎంత మంది సేఫ్టీ సిబ్బంది కావాలో, ఏ పనికి ఎలాంటి మెథడ్ స్టేట్‌మెంట్ (పనిని ఎలా చేస్తారో రాసిచ్చే పత్రం) కావాలో ముందే రాయించొచ్చు. కాంట్రాక్టర్ల మధ్య తక్కువ ధర పోటీలో సేఫ్టీ ఖర్చే మొదట కోతకు గురవుతుంది. దాన్ని అడ్డుకోగలిగేది ఓనర్ ఒక్కరే.

ఓనర్ గట్టిగా అనుకుంటే ఏమవుతుందో లండన్ 2012 ఒలింపిక్స్ నిర్మాణం చూపించింది. స్టేడియాలు, ఈదే కొలనులు, క్రీడాకారుల గ్రామం అన్నీ కట్టిన ఆ భారీ పనిలో ఒక్క కార్మికుడి ప్రాణం కూడా పోలేదు. ఓనర్ స్థానంలో ఉన్న ఒలింపిక్ డెలివరీ అథారిటీ సేఫ్టీ అవసరాలను డిజైన్ దశలోనూ, కాంట్రాక్టుల్లోనూ ముందే పెట్టింది, సైట్‌లో కార్మికుల ఆరోగ్యం చూసే సేవలనూ ఏర్పాటు చేసింది. యూరప్‌లో ఇది ఓనర్ ఇష్టానికి వదిలిపెట్టిన విషయం కూడా కాదు. నిర్మాణ సైట్లపై 1992లో వచ్చిన యూరోపియన్ ఆదేశం ప్రకారం ఒకటి కంటే ఎక్కువ మంది కాంట్రాక్టర్లు పనిచేసే చోట డిజైన్ దశకూ, నిర్మాణ దశకూ సేఫ్టీ సమన్వయకర్తలు ఉండాలి.

పని గంటలు కాస్త పద్ధతిగా ఉంటాయి. ప్రాజెక్ట్ మేనేజర్ గడువు ఒత్తిడి నేరుగా మీ మీద పడదు. ఇవి చూసి చదువు అవ్వగానే ఇక్కడికే రావాలనుకునేవాళ్లు చాలామంది. ఇక్కడ నా సలహా తొందరపడొద్దని. సైట్‌లో చెమటోడ్చకుండా ఓనర్ కుర్చీలో కూర్చున్న మనిషిని కాంట్రాక్టర్ మనుషులు మొదటి మీటింగ్‌లోనే గుర్తుపడతారు. ఆ తర్వాత మీకు చూపించాల్సినవే చూపిస్తారు. మీరు వచ్చే రోజు సైట్ శుభ్రంగా ఉంటుంది, మర్నాడు మళ్లీ మామూలే.

ఇంకో సంగతి. కాంట్రాక్టర్ కార్మికులకు మీరు నేరుగా ఆదేశాలివ్వడం మొదలుపెడితే బాధ్యత ఎవరిదన్నది గందరగోళమవుతుంది. ప్రాణం మీదకు వచ్చినప్పుడు అరిచి ఆపాల్సిందే, అందులో రెండో మాట లేదు. మామూలు లోపాలను మాత్రం వాళ్ల సూపర్‌వైజర్ ద్వారానే సరిచేయించాలి. ఈ ఓపిక లేనివాళ్లకు ఓనర్ వైపు పని విసుగు తెప్పిస్తుంది.

## కన్సల్టెన్సీలో, లేదా సొంతంగా

ఈ వారం వంతెన, వచ్చే వారం ఆసుపత్రి భవనం, ఆపై రిఫైనరీ విస్తరణ. ఒకే సమస్యను పది చోట్ల పది రకాలుగా పరిష్కరించడం చూస్తారు. రాయడం బాగా వచ్చినవాళ్లకు, పోల్చి చూసే బుద్ధి ఉన్నవాళ్లకు ఇది బాగా నప్పుతుంది. పని చోట ఆరోగ్యం, భద్రతల నిర్వహణకు 2018లో వచ్చిన ఐఎస్‌ఓ 45001 అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం ఆడిట్లు చేయడం ఈ పనిలో పెద్ద భాగం.

లోటేమిటంటే, చెప్పింది జరిగిందో లేదో చూసే అవకాశం తక్కువ. రిపోర్ట్ ఇచ్చి వచ్చేస్తారు. అది అల్మారాలోకి వెళ్లిందా, సైట్‌లోకి వెళ్లిందా తెలియదు. పనిలో మార్పును కళ్లారా చూడాలనుకునేవాళ్లకు ఇది మనసులో ముల్లులా ఉంటుంది.

సొంతంగా చేసేవాళ్లకు ఇంకో చిక్కు: మీరు ఎవరి తప్పులు ఎత్తిచూపుతారో బిల్లు కట్టేది వాళ్లే. ఒక్క క్లయింట్ మీదే మీ ఇల్లు నడుస్తుంటే నిజం చెప్పడం కష్టమవుతుంది. అందుకని కనీసం కొన్ని నెలలు పని లేకపోయినా తట్టుకునే నిల్వ, వృత్తిపరమైన బాధ్యతకు బీమా, ఎక్కడివరకు మీ పనో స్పష్టంగా రాసిన ఒప్పందం లేకుండా ఈ దారిలోకి దిగొద్దు. మీరు అడుగుపెట్టని సైట్ కాగితాల మీద సేఫ్టీ బాధ్యుడిగా మీ పేరు వాడుకుంటామని అడిగేవాళ్లు తగులుతారు. ఎంత ఇస్తామన్నా ఒప్పుకోవద్దు. అక్కడ ఎవరైనా చనిపోతే ఆ సంతకం మీదే.

## కోర్సుల సంగతి

అమెరికా ప్రభుత్వ భద్రతా సంస్థ ఓషా పేరుతో వచ్చే 30 గంటల కార్డు అవగాహన శిక్షణే, దాన్ని వృత్తి అర్హతగా లెక్కపెట్టుకోకండి. బ్రిటన్‌కు చెందిన సేఫ్టీ వృత్తి సంస్థ ఐఓష్ కోర్సు మేనేజింగ్ సేఫ్లీ సూపర్‌వైజర్లకు, మేనేజర్లకు ఉద్దేశించింది. సేఫ్టీనే వృత్తిగా తీసుకునేవాళ్లకు బ్రిటన్ పరీక్షా బోర్డు నెబోష్ ఇచ్చే ఇంటర్నేషనల్ జనరల్ సర్టిఫికెట్ చాలా దేశాల్లో గుర్తింపున్న మొదటి మెట్టు. ఓనర్ వైపు, కన్సల్టెన్సీ వైపు పెద్ద స్థానాలు కావాలంటే డిప్లొమా స్థాయి చదువు అడుగుతారు. పనిచేయబోయే దేశం చట్టం సేఫ్టీ ఆఫీసర్‌కు ఏ అర్హత అడుగుతుందో ముందు చూసుకుని, ఆ తర్వాతే ఫీజు కట్టండి.

## ఎవరికి ఏది

ఇప్పుడే చదువు ముగించినవాళ్లు మెయిన్ కాంట్రాక్టర్ దగ్గరే మొదలుపెట్టండి. ఇంకో చోట జీతం కొంచెం ఎక్కువ ఇస్తామన్నా సరే. మీకంటే పైన అనుభవమున్న సేఫ్టీ మేనేజర్ ఒకరు ఉండాలన్న షరతు మాత్రం వదులుకోవద్దు. వేల మంది కార్మికులున్న సైట్‌లో ఒంటరి సేఫ్టీ ఆఫీసర్‌గా కొత్తవాళ్లను పడేసే ఉద్యోగాన్ని వద్దనండి. అది మీకూ, అక్కడి కార్మికులకూ ప్రమాదమే.

సైట్ ఇంజనీర్‌గా చేసి సేఫ్టీ వైపు మారుతున్నవాళ్లకు ఓనర్ వైపు డిజైన్ దశ పనులు బాగా కుదురుతాయి. డ్రాయింగ్ చదవడం, పని వరుస ఊహించడం మీకు వచ్చు. సేఫ్టీ మాత్రమే చదివినవాళ్లకు ఆ బలం ఉండదు. ఫోర్‌మన్‌గా, రిగ్గర్‌గా (క్రేన్‌కు సరుకు కట్టే పనిలో) చేసి పైకి వచ్చినవాళ్లయితే స్పెషలిస్ట్ సబ్ కాంట్రాక్టర్ దగ్గర మొదటి రోజు నుంచే మీ మాటకు విలువ ఉంటుంది. కార్మికులు మిమ్మల్ని తమ మనిషిగా చూస్తారు, నియర్ మిస్‌లు (త్రుటిలో తప్పిన ప్రమాదాలు) దాచకుండా చెప్తారు. సేఫ్టీలో అంతకు మించిన సమాచారం ఇంకెక్కడా దొరకదు.

ఏళ్ల తరబడి సైట్లలో తిరిగి, ఇక కుటుంబానికి దగ్గరగా ఉండాలనుకునేవాళ్లకు కన్సల్టెన్సీ లేదా ఓనర్ సంస్థ ప్రధాన కార్యాలయం. రెండింట్లో ఏదంటే, చెప్పింది అమలు కావడం చూడాలనుకునేవాళ్లకు ఓనర్ సంస్థే మేలు.

## సంతకం పెట్టేముందు

ఇంటర్వ్యూలో ఈ ప్రశ్నలు అడగండి. జవాబు కంటే, చెప్పేటప్పుడు వాళ్లు తడుముకుంటారా లేదా అన్నది గమనించండి.

- ఈ మధ్య సేఫ్టీ వాళ్లు ఆపించిన పని ఏది? తర్వాత ఏం జరిగింది?
- నా అప్రైజల్ ఎవరు రాస్తారు?
- నైట్ షిఫ్టులో సేఫ్టీ తరఫున ఎవరుంటారు?
- సైట్ బోనస్ దేనితో ముడిపడి ఉంది?

చివరి ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది కానీ చాలా చెప్తుంది. "సున్నా ప్రమాదాలు" ఉంటేనే బోనస్ అన్న సైట్‌లో దెబ్బలు తగలడం తగ్గదు, దెబ్బల గురించి చెప్పడం తగ్గుతుంది. వేలు నలిగిన కార్మికుడు చేతికి గుడ్డ చుట్టుకుని పనిచేస్తూనే ఉంటాడు, తన వల్ల గ్యాంగ్ అందరికీ బోనస్ పోతుందని.

వీలైతే చేరేముందు సైట్ ఒకసారి చూపించమనండి. కందకాల దగ్గరకు వెళ్లండి. ఒక ఘనపు మీటరు మట్టి ఒకటిన్నర టన్నుకు పైనే తూగుతుంది కాబట్టి, నడుము లోతు వరకు మట్టి కూలినా మనిషి బయటపడటం కష్టం. అమెరికా నిబంధనల ప్రకారం 5 అడుగులు, ఆపై లోతున్న కందకానికి, గట్టి రాయి అయితే తప్ప, గోడలు కూలకుండా ఏర్పాటు ఉండాలి. 4 అడుగుల నుంచే, లోపలున్న మనిషికి 25 అడుగుల లోపు నిచ్చెనో మెట్లో అందుబాటులో ఉండాలి. మీరు వెళ్లిన దేశంలో అంకెలు వేరుగా ఉండొచ్చు, కానీ నిచ్చెన ఉందా లేదా అన్నది కంటికి కనిపిస్తుంది. స్కాఫోల్డింగ్ ట్యాగ్ మీద చివరి తనిఖీ తేదీ చదవండి. కార్మికుల మరుగుదొడ్లు, తాగునీరు చూడండి. వాటి మీద ఖర్చు పెట్టని చోట మీరు అడిగే సేఫ్టీ నెట్‌కు డబ్బు వస్తుందని ఆశపడొద్దు.

అన్నీ నచ్చితే, పని ఆపే అధికారం మీకు ఉందన్న వాక్యం ఆఫర్ లెటర్‌లోనో, ఉద్యోగ బాధ్యతల పత్రంలోనో ఉందా చూడండి. లేకపోతే ఈమెయిల్‌లో అడగండి. "అది మాటల్లో చెప్పుకున్నదేగా" అని రాసివ్వడానికి వెనకాడే కంపెనీకీ, అదే రోజు రాసి పంపే కంపెనీకీ మధ్య ఎంచుకోవాల్సి వస్తే, జీతం తక్కువైనా రెండోదాంట్లోనే చేరండి.